కరెంటు మీటరు దగ్గర ఆగిన పింఛను: శాఖల డేటా అనుసంధానంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండలానిది. జిల్లా పేరు, గ్రామాల పేర్లు రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ప్రభుత్వ శాఖల డేటాను ఒకదానితో ఒకటి కలిపే పనిలో ఉన్నవాళ్లకూ, ఆ కలయిక ఫలితాన్ని ప్రజలకు ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వచ్చే సచివాలయ సిబ్బందికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేపథ్యం

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పింఛను, బియ్యం కార్డు వంటి పథకాలకు అర్హతను కంప్యూటర్‌లోనే తేల్చే పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. ఊళ్లలో దాన్ని ‘ఆరు అంచెల పరిశీలన’ అనేవారు. కుటుంబానికి మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపి పదెకరాలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు మినహా నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. పట్టణంలో అయితే ఇంటి విస్తీర్ణానికీ ఒక హద్దు ఉంది.

ఈ నిబంధనలు సబబా కాదా అన్నది వేరే చర్చ. నా పనికి సంబంధించిన విషయం ఇది: ఒక్కో అంచెకు కావలసిన సమాచారం ఒక్కో శాఖ దగ్గర ఉంది. భూమి వివరాలు రెవెన్యూ దగ్గర, వాహనాలవి రవాణా శాఖ దగ్గర, యూనిట్ల లెక్క విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర. వీటన్నిటినీ కలిపే దారం ఆధార్ సంఖ్య ఒక్కటే. నేను అప్పట్లో జిల్లా స్థాయిలో ఈ అనుసంధానానికి సాంకేతిక సహాయం అందించే చిన్న బృందంలో ఉన్నాను.

ఎదురైన సమస్య

అరవై దాటిన ఒక వితంతువు పింఛను ఆగింది. ఆమెది రోడ్డు పక్కన ఒక మేడ ఇంటి వెనక ఒంటి గది. ఒక బల్బు, ఒక ఫ్యాను. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ తెర మీద ఆమె పేరుకు ఎదురుగా ‘అనర్హులు, విద్యుత్ వినియోగం’ అని మాత్రమే కనిపించింది. ఏ సర్వీసు నంబరు, ఎన్ని యూనిట్లు, ఏ నెలలు అన్నది లేదు. ఆమె లైన్‌మన్‌ను అడిగితే, ఆ గదికి వచ్చే బిల్లు చూసి ‘మీది నలభై యూనిట్లు కూడా దాటలేదు’ అన్నాడు. అతను చెప్పింది నిజం. మండల కార్యాలయంలో విద్యుత్ శాఖ నుంచి లేఖ తెమ్మన్నారు. విద్యుత్ కార్యాలయంలో ‘మా పుస్తకాల్లో తప్పేమీ లేదు, దేనికని లేఖ ఇవ్వాలి?’ అన్నారు. అదీ నిజమే. ఎవరి పుస్తకం వాళ్లకు సరిగానే ఉంది. ఆ పుస్తకాలను కలిపినచోట ఆమె బతుకు తప్పుగా తేలింది.

మేము డేటాలో వెతికితే ఆమె ఆధార్‌కు నాలుగు సర్వీసులు ముడిపడి ఉన్నాయి. ఒకటి ఆమె గదిది, మిగిలిన మూడూ మేడ ఇంటివి. మీటర్లకు ఆధార్ జతచేసే పని హడావుడిగా సాగిన రోజుల్లో సిబ్బంది ఆ ఇంటికి వెళ్లారు. యజమానులు వేరే ఊళ్లో ఉంటారు. వాకిట్లో ఉన్నది ఈమే. కార్డు అడిగితే తెచ్చి ఇచ్చింది. ఆ ప్రాంగణంలోని అన్ని మీటర్లకూ అదే సంఖ్య ఎక్కించి వెళ్లిపోయారు. విద్యుత్ సంస్థకు దాని వల్ల నష్టమేమీ లేదు, బిల్లులు సక్రమంగానే వస్తున్నాయి. కొన్నేళ్ల తర్వాత మీటరు రికార్డులోని ఆ ఆధార్ గడినే మరో శాఖ ‘ఈ కుటుంబం ఇంత కరెంటు వాడుతోంది’ అని చదువుకుంది.

అదే మండలంలో ‘విద్యుత్’ కారణంతో ఆగిన పేర్ల జాబితా తీస్తే పేజీల కొద్దీ వచ్చింది. అందులో నిజంగా 300 యూనిట్లు దాటినవాళ్లు లేకపోలేదు. ఎవరు ఏ కోవలోకి వస్తారో మా దగ్గరున్న డేటాతో తేల్చడం మాత్రం కుదరలేదు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలబడలేదు

సంక్షేమ పథకాల డేటాబేస్‌లో మా దగ్గరున్న ప్రతిలోనే తప్పుడు మీటర్లను తొలగించడం తొలి ఆలోచన. కారణం ఒక్కటే, అది మా చేతుల్లో ఉన్న పని. పింఛను త్వరగా తిరిగి మొదలవుతుంది. నిజంగానే మొదలైంది కూడా. తర్వాతి నెల విద్యుత్ సంస్థ నుంచి కొత్త ఫైలు రాగానే పాత జతలన్నీ మళ్లీ వచ్చి కూర్చున్నాయి, పింఛన్లు మళ్లీ ఆగాయి. డేటా అక్కడి నుంచి ఇక్కడికి ప్రవహిస్తుంది తప్ప ఇక్కడి సవరణ అక్కడికి వెళ్లే మార్గం ఆ ఏర్పాటులో లేదు. ఒకసారి ఆగి, వచ్చి, మళ్లీ ఆగిన పింఛను మనిషి మీద చూపే ప్రభావం తక్కువది కాదు. మందుల దుకాణంలో అరువు ఇచ్చేవాడు రెండోసారి నమ్మడు.

దాంతో మూలంలోనే దిద్దాలని నిర్ణయించాం. జాబితాను విద్యుత్ సంస్థకు పంపి సవరించి తిరిగి పంపమని కోరాం. అక్కడి అధికారులు మర్యాదగానే స్పందించారు గానీ పని కదల్లేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అందులో అర్థం ఉంది. ఆధార్ తీసేయాలంటే దాని స్థానంలో ఎవరిది పెట్టాలి? ఆ వ్యక్తి అంగీకారం ఏది? రేపు యజమాని వచ్చి అడిగితే ఏ ఉత్తర్వు చూపించాలి? సంక్షేమ శాఖ అవసరం కోసం తన వినియోగదారుల రికార్డును మార్చే బాధ్యత ఆ సంస్థ మీద ఏ నిబంధనా పెట్టలేదు. డేటా ఇవ్వమని ఉత్తర్వు ఉంది, తప్పు దొరికితే దిద్దమని లేదు.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఇ-గవర్నెన్స్ వ్యవస్థల పరస్పర అనుసంధానానికి ఒక చట్రం విడుదల చేసింది. అందులో సాంకేతిక స్థాయితో పాటు సంస్థాగత స్థాయి, అర్థానికి సంబంధించిన స్థాయి (ఒక వివరాన్ని అన్ని శాఖలూ ఒకే అర్థంలో తీసుకోవడం) వేరువేరుగా ఉన్నాయి. యూరప్ చట్రం వీటికి చట్టపరమైన స్థాయిని కూడా కలుపుతుంది. మా కేసులో సాంకేతిక స్థాయికి ఏ లోపమూ లేదు. ఫైళ్లు సమయానికి వచ్చేవి, ఆధార్ సంఖ్యలు చక్కగా సరిపోయేవి. తెగిపోయింది మిగిలిన స్థాయుల్లో. అయినా మాకు కేటాయించిన నిధులు, మనుషులు అంతా సాంకేతిక స్థాయికే. ఇది ఒక్క మా జిల్లా సంగతి కాదని నేను అనుకుంటున్నాను.

తర్వాత మండల కేంద్రంలో ప్రత్యేక శిబిరం పెట్టించారు. దాంతోపాటే పౌరుల అభిప్రాయ సేకరణ సమావేశం కూడా. శిబిరంలో ఇచ్చిన ఫారం ‘మీ పేరున ఉన్న తాజా బిల్లు’ జతచేయమంది. అద్దె గదిలో ఉండేవాళ్లకు తమ పేరున బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరి తప్పును సరిచేయడానికి శిబిరం పెట్టారో, ఆ తప్పు వల్ల నష్టపోయినవాళ్లకే ఆ కాగితం ఉండదు. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది తిరిగి వెళ్లారు.

సమావేశానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరి పెద్దలు, ఇంటర్నెట్ కేంద్రాలు నడిపేవాళ్లు. యాప్ ఎలా ఉంటే బాగుంటుందని మా వాళ్లు అడిగారు. రంగుల గురించి, పెద్ద అక్షరాల గురించి, వాట్సాప్ సందేశాల గురించి మాట్లాడారు. వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడను అడిగితే ‘యాప్ సంగతి నాకెందుకు బాబూ, నా పింఛను ఎందుకాపారో చెప్పండి చాలు’ అంది. ఆ మాటను సమావేశం నివేదికలో ‘వ్యక్తిగత ఫిర్యాదు’ కింద రాశారు. నా దృష్టిలో ఆ రోజు వచ్చిన సూచనలన్నిటిలో పనికొచ్చేది అదొక్కటే. కారణం చెప్పలేని వ్యవస్థకు రంగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు.

దారి మారిన చోటు

మా జిల్లాలో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఆ తనిఖీని గ్రామసభ బాధ్యతగా పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి దాన్ని క్రమపద్ధతిలో చేసి చూపించింది. మస్టర్ రోలును, అంటే కూలీల హాజరు పట్టికను, ఇంటింటికీ తీసుకెళ్లి ‘ఈ వారం మీరు పనికి వెళ్లినట్టు ఉంది, డబ్బు ఇంత తీసుకున్నట్టు ఉంది, నిజమేనా?’ అని చదివి వినిపించడం అందులో కీలకం. చదవడం రానివాళ్లు కూడా రికార్డును తప్పుపట్టగలిగారు. రికార్డు ఏ పని గురించి చెబుతోందో ఆ పని చేసింది వాళ్లే.

అదే పద్ధతి మీటర్లకు ఎందుకు వాడకూడదని వాళ్లలో ఒకరు అడిగారు. మేము ఒప్పుకోవడానికి కారణం ఉంది. సమాచారం లేనిది మా దగ్గర, ఉన్నది వీధిలో. ఫలానా మీటరు ఎవరు వాడుతున్నారన్నది ఏ శాఖ రికార్డులోనూ లేదు, ఆ వీధిలో ఉండే ఎవరినడిగినా చెబుతారు.

ఒక గ్రామంలో డ్వాక్రా సంఘాల నాయకురాళ్లు, సచివాలయంలోని విద్యుత్ సహాయకుడు, డిజిటల్ అసిస్టెంట్, వార్డు సభ్యులు కలిసి కూర్చున్నారు. జాబితాలో ఏది చదవాలి, ఏది చదవకూడదన్నది తేల్చిన తర్వాతే పని మొదలైంది. ఆధార్ చివరి నాలుగు అంకెలు మాత్రమే చదవాలన్నది మా ప్రతిపాదన. దాని కంటే ముఖ్యమైన అభ్యంతరం సంఘాల మహిళల నుంచి వచ్చింది. ‘ఏ పింఛనో చదవొద్దు. అందరివీ వృద్ధాప్య పింఛన్లు కావు కదా’ అన్నారు. హెచ్‌ఐవీకి మందులు వాడేవాళ్లకూ పింఛను వస్తుంది. పింఛను రకం బయటపడితే ఊళ్లో వాళ్ల పరిస్థితి ఏమవుతుందో ఆ మహిళలకు తెలుసు. మా డేటా రక్షణ పత్రంలో ఆ ప్రస్తావనే లేదు. పింఛన్ల ఊసు లేకుండా ఆ వీధిలోని మీటర్లన్నిటినీ వరుసగా చదవాలని, ఆగిన పేర్లను విడిగా తీయకూడదని నిర్ణయం జరిగింది. పని పెరిగింది, కానీ ఎవరినీ వేలెత్తి చూపించకుండా సాగింది.

మేడ ఇంటి దగ్గర మీటర్ల బోర్డు ముందు నిలబడి విద్యుత్ సహాయకుడు సర్వీసు నంబర్లు చదివాడు. డబ్బాల మీద పెయింటుతో రాసిన అంకెలు కొన్ని చెరిగిపోయి ఉన్నాయి. ‘ఇది కింద వాటా వాళ్లది, ఏసీ ఉంది’, ‘ఇది పైన బడి మాస్టారు అద్దెకున్నది’, ‘ఇది మోటారుది, ముగ్గురూ పంచుకుంటారు’. అక్కడున్నవాళ్లే చెప్పుకుంటూ పోయారు. మోటారు మీటరు సంగతి మాకు అంతవరకూ తట్టనే లేదు. ఉమ్మడి మీటరు యూనిట్లు మొత్తం ఒక్కరి ఖాతాలో పడుతున్నాయి.

అలా తిరుగుతుంటే తప్పులు కొన్ని రకాలుగా విడిపోయాయి. ఇల్లు అమ్మేసినా మీటరు పాతవాళ్ల పేరునే ఉండటం. అద్దెకిచ్చిన వాటాలన్నిటికీ యజమాని తన ఆధారే ఇవ్వడం. అన్నదమ్ములు వేరుపడినా మీటరు ఒకటే కావడం. ఇంట్లో దొరికిన ఏదో ఒక కార్డు ఎక్కించడం. మేము డేటా మీద కూర్చుని చేసిన వర్గీకరణలో పేరు అక్షరాల తేడాలు, లక్ష్మిని రెండు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో రాయడం వంటివే ప్రధానంగా కనిపించాయి. వీధిలో అవి దాదాపు ఎవరికీ సమస్య కాలేదు.

వ్యవస్థలో ఏమి మార్చాం

ఆధార్ ఉన్న ఆ ఒక్క గడిని మూడు ప్రశ్నలకు జవాబుగా వాడుతున్నారని అందరికీ స్పష్టమైంది. ఇల్లు ఎవరిది, బిల్లు ఎవరు కడతారు, కరెంటు ఎవరు వాడతారు. సంఘాల మహిళలు పుస్తకంలో ఈ మూడింటికీ మూడు నిలువు గీతలు గీసుకుని రాసుకుంటూ వచ్చారు. అనుసంధాన నమూనాలో మేము అదే పెట్టాం. యజమాని, చెల్లింపుదారు, వినియోగదారు వేరువేరు గడులు, ఒక్కోదానికి ఎప్పటి నుంచి అన్న తేదీ. అర్హత లెక్కకు మూడో గడి మాత్రమే తీసుకోవాలి. అది ఖాళీగా ఉంటే ‘తెలియదు’ అని అర్థం, ‘అనర్హులు’ అని కాదు.

రెండో మార్పు దీనికంటే కష్టమైనది. సవరణ మూలానికి తిరిగి వెళ్లే దారి. విద్యుత్ సంస్థ బిల్లింగ్ రికార్డును ముట్టుకోకుండా, దాని పక్కనే ‘వినియోగదారు’ వివరాన్ని విడిగా నిల్వ చేయాలని ఒప్పందానికి వచ్చాం. సంస్థ అభ్యంతరం బిల్లింగ్ రికార్డు చట్టబద్ధత గురించి, దాన్ని గౌరవిస్తేనే పని ముందుకు సాగుతుంది. వీధిలో తేలిన విషయాన్ని విద్యుత్ సహాయకుడు చూసి ధ్రువీకరిస్తాడు. యజమానికి సందేశం వెళ్తుంది, అభ్యంతరం ఉంటే చెప్పడానికి గడువు ఉంటుంది. నెలనెలా వచ్చే ఫైలు ఈ వివరాన్ని చెరిపేయలేదు.

మూడోది, వివాదం నమోదైన రోజు నుంచి అది తేలేదాకా పింఛను ఆగకూడదన్న నిబంధన. దీని మీద లోపల చాలా వాదన జరిగింది. అనర్హులు దీన్ని అడ్డుపెట్టుకుని నెలలు గడుపుతారన్నది ఒక వైపు మాట. నేను గట్టిగా రెండో వైపు నిలబడ్డాను, ఇప్పటికీ అదే అభిప్రాయం. అనర్హుడికి రెండు నెలలు డబ్బు వెళితే ఖజానాకు కొంత నష్టం. అర్హురాలికి రెండు నెలలు ఆగితే బీపీ మాత్రలు ఆగుతాయి. తప్పు డేటాను కలిపింది ప్రభుత్వం కాబట్టి, తేలేదాకా భారం ప్రభుత్వమే మోయాలి.

నాలుగోది కాగితం. ఆపే ముందు ఇంటికి ఇచ్చే నోటీసు పాఠాన్ని సంఘాల మహిళలే దిద్దారు. మా ముసాయిదాలో పదమూడు అంకెల సర్వీసు నంబరు ఉంది. ఆ నంబరు ఎవరికీ గుర్తుండదు, చివరి అంకెలూ మీటరు ఉన్న చోటూ రాయమన్నారు. ‘రామాలయం వీధి, మేడ ఇల్లు, మెట్ల కింద బోర్డు, మూడో మీటరు’ అని ఉంటే చదివించుకున్న ఎవరైనా ‘అది నాది కాదు’ అని అక్కడికక్కడే చెప్పగలరు. కింద ‘ఈ మీటరు మీరు వాడటం లేదా?’ అన్న ఒక్క ప్రశ్న, వేలిముద్రకు చోటు. ఏ కాగితమూ జతచేయనక్కర్లేదు, రుజువు చూసుకోవాల్సింది శాఖే.

మనం మొదట చెప్పుకున్న ఆమె పింఛను ఈ మార్గంలోనే తిరిగి వచ్చింది, తర్వాతి ఫైలు వచ్చినా నిలిచింది. జాబితాలోని కొందరు నిజంగానే హద్దు దాటినట్టు వీధిలోనే తేలింది. వాళ్ల పేర్లు తొలగించినప్పుడు ఊళ్లో పెద్దగా గొడవ రాలేదు, లెక్క అందరి ఎదుటా జరిగింది కాబట్టి.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

రెండు శాఖలను కలిపే ఒప్పందంలో డేటా ఎలా వస్తుందన్నదానికి ఎన్ని పేజీలు రాస్తామో, సవరణ ఎలా తిరిగి వెళ్తుందన్నదానికీ అన్ని రాయాలి. ఆ భాగం లేని ఒప్పందం మీద సంతకం చేయవద్దని నేను ఇప్పుడు పనిచేసే ప్రతి చోటా చెబుతాను. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ పౌరులకు తమ డేటాను సవరించమని కోరే హక్కు ఇచ్చింది. తప్పు ఒక శాఖలో పుట్టి మరో శాఖలో నష్టం చేసినప్పుడు ఆ హక్కును ఏ కౌంటర్ దగ్గర వాడుకోవాలన్నది ఒప్పందంలో తేలకపోతే హక్కు కాగితం మీదే ఉంటుంది.

పొరుగున తెలంగాణలో కంప్యూటర్ పరిశీలనతో, ఇంటికి వెళ్లి చూడకుండా రేషన్ కార్డులు రద్దు చేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో కోర్టు ఆదేశించింది. వీధికి ముందే వెళ్లి ఉంటే అయ్యే ఖర్చు, కోర్టు చెప్పాక వెళ్లే ఖర్చుతో పోలిస్తే ఎంతో తక్కువ. ఆ ఖర్చు ఎవరి పద్దులో పడాలన్నది మాత్రం మా జిల్లాలోనూ తేలలేదు. సంఘాల మహిళలు వారాల పాటు తిరిగినందుకు ఇచ్చింది టీ, ప్రశంసాపత్రం. వాళ్లది సర్వే పని, సర్వే పనికి కూలి ఉంటుంది. అంచనాల్లో ఆ పద్దు పెట్టించడానికి నేను చేసిన ప్రయత్నం ఫలించలేదు.

ఇదే పద్ధతిని భూమి రికార్డులకు వాడదామని పై నుంచి సూచన వచ్చింది. నేను వద్దన్నాను. మీటరు ఎవరు వాడుతున్నారో బహిరంగంగా చెప్పడం వల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేదు. పొలం ఎవరు దున్నుతున్నారో చెప్పడం అలాంటిది కాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే యజమాని అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. చాలామంది యజమానులు చేయరు, హక్కు పోతుందని భయం. అలాంటి యజమాని ఎదుట అడంగల్ (ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) చదివి ‘ఈ భూమి మీరే చేస్తున్నారా?’ అని అడిగితే కౌలు రైతు లేదనే అంటాడు. అనకపోతే వచ్చే ఏడాది అతనికి ఆ పొలం ఉండదు. రికార్డును అందరిలో చదవడం వల్ల మీటర్ల విషయంలో నిజం బయటికి వచ్చింది. భూమి విషయంలో అదే చదవడం అబద్ధాన్ని ఊరంతటి సాక్షిగా రికార్డులో స్థిరపరుస్తుంది. కౌలు రైతులతో విడిగా, యజమానులు లేని చోట, వాళ్లు ఎంచుకున్న మనుషుల ద్వారా మాట్లాడే పద్ధతి ఒకటి ఒక గ్రామంలో ఇప్పుడు మొదలుపెట్టాం. అక్కడ సేకరించిన వివరం ఏ శాఖకు, ఏ షరతుల మీద వెళ్లాలన్నది ఇంకా వాళ్లు తేల్చలేదు. తేల్చేవరకూ ఆ డేటాను దేనితోనూ కలపబోవడం లేదు.